నోటీసు చింపకండి, జవాబు రాసి రసీదు తీసుకోండి

విజయనగరంలో ప్రభుత్వ స్థలంలో పాక వేసుకుని ఆరేళ్లుగా ఉంటున్నాం, మొన్న తలుపుకి నోటీసు అంటించారు, పట్టా లేదు కాబట్టి వెళ్లిపోవాల్సిందేనా అని అడిగారు. రేపే సామాన్లు సర్దేసుకోవాల్సిన పనైతే లేదు. అలాగని ఆరేళ్లు ఉన్నంత మాత్రాన స్థలం మీదైపోదు కూడా.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు పడిపోయాక పనుల్లేక శ్రీకాకుళం టౌన్‌కి వచ్చేశాం, నాన్న తాపీ పనికి, అమ్మ ఇళ్లలో పనికి. గెడ్డ (వాగు) గట్టు మీద రేకుల షెడ్డు. నాలుగేళ్లకి మాకూ నోటీసు వచ్చింది. కొందరు కోపంతో చింపేశారు. అమ్మ మాత్రం బియ్యం డబ్బాలో దాచింది, ఆ కాగితమే తర్వాత పనికొచ్చింది.

ముందు ఆ నోటీసు ఎవరిచ్చారో చూడండి. తహసీల్దారు ఇచ్చి, అందులో 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 7వ సెక్షన్ అని ఉంటే, మిమ్మల్ని ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పమని అడుగుతున్నారన్నమాట. ఖాళీ చేయమనే ఆర్డరు 6వ సెక్షన్ కింద ఆ తర్వాత రావాలి. గడువులోగా జవాబు రాసి, కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే చెప్పనట్టే లెక్క.

మేం దెబ్బ తిన్నది ఆధార్‌లో అడ్రస్ దగ్గర. అదీ, రేషన్, ఓటు అన్నీ ఊరి అడ్రస్ మీదే ఉంచేసుకున్నాం, దాంతో మీరు ఇక్కడివాళ్లే కాదన్నారు. ఆ మాటకి అమ్మ ఎంత ఏడ్చిందో నాకు ఇప్పటికీ గుర్తే. చివరికి కరెంటు బిల్లులు, చెల్లి స్కూల్ అడ్మిషన్, అంగన్‌వాడీ రిజిస్టర్‌లో పేరు చూపించాం. మీరూ అలాంటివి ఇప్పుడే జిరాక్స్ తీసి పెట్టుకోండి.

లాయర్‌కి డబ్బుల్లేవని ఆగకండి. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకీ ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, ఫోన్ 15100. మీ ఇంట్లో ఆడవాళ్ల పేరు మీద అర్జీ పెట్టండి. మాకు రాసిపెట్టింది అక్కడి లాయర్ గారే. బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని, నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాలని చెప్పింది. అక్కడ ఉండిపోయే హక్కు ఇవ్వలేదు గానీ వానాకాలం వెళ్లేదాకా, అంటే ఆ ఏడాది అక్టోబర్ 31 వరకు, పాకలు తీయొద్దంది. మా లాయర్ గారు అదే చూపించి పిల్లల పరీక్షలయ్యేదాకా గడువు అడిగారు, ఇచ్చారు.

గెడ్డ గట్టు కాబట్టి మాకు అక్కడ పట్టా రాలేదు. చెరువు, గెడ్డ, రోడ్డు పోరంబోకైతే రావడం కష్టం, వేరే చోట ఇంటి స్థలం కోసం మీ వార్డు సచివాలయంలో అర్జీ పెట్టుకోండి. రైల్వే స్థలమైతే చట్టమే వేరు. నోటీసులో సర్వే నంబరు పక్కన భూమి రకం ఏం రాశారో, తారీఖు ఎంత ఉందో చూసి చెప్పండి, పేర్లు పెట్టొద్దు, జవాబు ఎలా రాయాలో చెప్తాను.