కంట్రోలర్ కొనేముందు తీగలు చూడు, అల్లుడూ

అల్లుడూ,

నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చాక నిద్ర సరిగ్గా పట్టలేదు. కోకాపేట సైట్‌లో ప్రొక్లెయిన్ బ్రేకర్ కొడుతూ కొడుతూ ఆగిపోతోంది, ఇంజిన్‌తో కమ్యూనికేషన్ లేదని డిస్‌ప్లే మీద పడుతోంది, కాసేపాగి తాళం తిప్పితే మళ్లీ మామూలే అన్నావు. ఓనర్ టెన్షన్ పడి కొత్త ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంట్రోలర్ డబ్బా, తెప్పిస్తానంటున్నాడట. ఆయన్ను రెండు రోజులు ఆపు. ఫోన్‌లో అన్నీ చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. పక్కన పెట్టుకుని పని చెయ్యి.

ముందు ఆ కోడ్ ఏమంటోందో తెలుసుకో. ఈసీఎం పోయిందని అది చెప్పడం లేదు. దాని మాట నాకు వినపడటం లేదని డిస్‌ప్లే చెప్తోంది, అంతే. ఎస్‌పీఎన్ అంటే లోపం ఎక్కడో చెప్పే నంబర్. అది 639 వస్తే ఆ మాటలు నడిచే లైన్ గురించిన కోడ్. పక్కన ఎఫ్‌ఎంఐ, అంటే లోపం ఏ రకమో చెప్పే నంబర్, 9 ఉంటే, రావాల్సిన సందేశం రావాల్సిన వేళకు రావడం లేదని అర్థం. ఒక్క డిస్‌ప్లేలోదే కాదు, అన్ని కంట్రోలర్లలో ఉన్న కోడ్‌లూ కాగితం మీద రాసుకో. అందరూ ఒక్కదాని మీదే ఫిర్యాదు చేస్తుంటే ఆ ఒక్కదాని వైపు వెళ్లు, దాని కరెంటు, ఎర్త్ ముందు చూడు. అందరూ అందరి మీదా చేస్తుంటే మెయిన్ లైన్‌లోనే ఏదో ఉంది. తుడిచేయకముందే రాసుకో. కోడ్‌లు తుడిచేశాక నన్నడిగితే నేనేం చెప్పగలను?

ఆ లైన్ అంటే మెలిపెట్టిన రెండు తీగలు. కంట్రోలర్లు మాట్లాడుకునే ఆ లైన్‌ని క్యాన్ అంటారు, అందుకే వాటి పేర్లు క్యాన్ హై, క్యాన్ లో. మామూలుగా హై పసుపు, లో ఆకుపచ్చ, కానీ కంపెనీని బట్టి రంగు మారుతుంది, డయాగ్రమ్ చూడకుండా నమ్మకు. లైన్ రెండు కొసల్లో 120 ఓముల రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది. అందుకే మెయిన్ స్విచ్ ఆపేసి, క్యాబిన్‌లోని తొమ్మిది పిన్నుల డయాగ్నస్టిక్ కప్లర్‌లో, అంటే కోడ్‌లు చదివే మెషీన్ తగిలించే ప్లగ్గులో, సీ, డీ పిన్నుల మధ్య మీటర్ పెడితే 60 ఓముల దగ్గర రావాలి. 120 వస్తే ఒక కొస లైన్‌లో లేదు, తీగ తెగిందో రెసిస్టర్ ఊడిందో. సున్నాకి దగ్గరగా వస్తే రెండు తీగలూ ఎక్కడో ముట్టుకుంటున్నాయి. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ కలిపారు. ఈ 40 నాకు రెండుసార్లు దొరికింది. రెండుసార్లూ ఓనర్ తర్వాత బిగించుకున్న జీపీఎస్ డబ్బా వల్లే. నీ బండిలో కూడా అలాంటిది ఉందేమో సీటు వెనక చూడు, ఉంటే ముందు దాన్ని విప్పి పక్కన పెట్టు.

60 వచ్చింది కదా అని సంబరపడొద్దు. రెండు తీగల్లో ఏదైనా ఒకటి బాడీకి తగులుతున్నా వాటి మధ్య 60 చూపిస్తూనే ఉంటుంది. ఒక్కో తీగకీ బాడీకీ మధ్య కూడా చూడు. తర్వాత తాళం ఆన్ చేసి బాడీ ఎర్త్ నుంచి వోల్టేజ్ చూడు. హై రెండున్నరకి కాస్త పైన, లో రెండున్నరకి కాస్త కింద, రెండూ కలిపితే 5కి దగ్గరగా ఉండాలి.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి. చాలా ఏళ్ల కిందట నార్సింగి వైపు సెల్లార్ తవ్వుతుంటే అచ్చం ఇదే కంప్లైంట్ వచ్చింది. బండి నిలబడి ఉన్నప్పుడు కొలిస్తే అన్నీ బాగున్నాయి. ఇక ఈసీఎమ్మే అని నేనే చెప్పి మార్పించాను. మూడో రోజు మళ్లీ ఆగింది. అప్పుడు హార్నెస్, అంటే తీగల కట్ట, మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడుముతూ వెళ్తే, క్యాబిన్ కింద క్లాంప్ దగ్గర ఆగాను. పైన టేపు బాగానే ఉంది. విప్పి చూస్తే పసుపు తీగ తొక్క అరిగిపోయి, ఆవగింజంత రాగి మెరుస్తోంది. మన దగ్గర రాయి గ్రానైటే కదా. బ్రేకర్ ఆ రాయిని కొడుతుంటే బండంతా వణుకుతుంది, ఆ వణుకులో రాగి ఫ్రేమ్‌కి తగిలేది. ఆగగానే విడిపోయేది. ఆ ఓనర్ ఈసీఎం డబ్బు ఫైనాన్స్ తెచ్చి కట్టాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాధగానే ఉంటుంది.

అందుకే నీ పని కదిలించి చూడటం. బ్రేకర్ కొస నేల మీద ఆన్చి, మెయిన్ స్విచ్ ఆపి, తాళం నీ జేబులో వేసుకున్నాకే కిందికి దిగు. హెల్పర్‌ని మీటర్ చూస్తూ ఉండమను. నువ్వు ఒక్కో క్లాంప్ దగ్గర, హార్నెస్ వంగే ప్రతి చోటా, బూమ్ మొదట్లో తీగలను కదిలించు. అంకె ఎక్కడ ఎగిరిందో అక్కడే నీ రోగం.

కప్లర్లు విప్పినప్పుడు టార్చ్ వేసి లోపలికి చూడు. వానాకాలంలో, ప్రెషర్ వాటర్ కొట్టి కడిగాక, నీళ్లు లోపల చేరి పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. చేత్తో ముడితే పిండిలా రాలుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వు, బాగా తినేసిన పిన్ను మార్చెయ్యి. రబ్బరు సీల్ చిరిగితే అదీ మార్చు. ఉప్పుకాగితం పెట్టి రుద్దకు, పిన్ను మీది పూత పోతుంది.

ఈసీఎంకి వచ్చే కరెంటు చూసేటప్పుడు మీటర్‌ని ఒక్కదాన్నే నమ్మొద్దు. తీగలో ఒక్క పోగు మిగిలినా మీటర్ 24 చూపిస్తుంది. కప్లర్ విప్పి, సప్లై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య 24 వోల్టుల ఇండికేటర్ బల్బు వెలిగించు. మసగ్గా వెలిగితే దారిలో ఎక్కడో లూజుంది. పిన్ను నోరు వెడల్పు కాకుండా సన్నటి ప్రోబ్ వాడు.

తెగిన చోటు దొరికితే ఊరికే మెలిపెట్టి టేపు చుట్టకు. సోల్డర్ కూడా వద్దు, వణుకుకి అది పక్కనే విరుగుతుంది. సరైన స్లీవ్‌తో క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేసి, తీగల మెలిక ముందున్నట్టే ఉంచు. బయటి కరెంటు గోల ఆ మెలిక వల్లే లోపలికి రాదు.

ఇంకొకటి అడగడం మరిచాను. ఈ మధ్య ఆ బండి మీద వెల్డింగ్ చేశారా? బకెట్‌కో బూమ్‌కో చేసి ఉంటే, బ్యాటరీ తీశారా, ఈసీఎం కప్లర్లు విప్పారా అని ఆపరేటర్‌ని మెల్లగా అడుగు. గద్దిస్తే నిజం చెప్పడు. విప్పకుండా చేసుంటే ఈసీఎం మీద అనుమానం పడొచ్చు, అయినా తీగలు చూశాకే.

రేపు పొద్దున ఎండ ఎక్కకముందే వెళ్లు. మెయిన్ స్విచ్ ఆపి, సీకీ డీకీ మధ్య ఎన్ని ఓములు వచ్చాయో చూసి నాకు ఫోన్ చెయ్యి. నేను ఇంట్లోనే ఉంటాను.

మీ మామయ్య