ఉత్తర్వు వెలువడిన మర్నాడు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. విదేశాలకు వెళ్లి ఉగ్రవాద సంస్థల్లో చేరినవారి పౌరసత్వాన్ని రద్దు చేసి తీరాలని రాశావు. అందులో ఉన్న కోపం అరువు తెచ్చుకున్నది కాదు. 2014 ఆగస్టులో ఇరాక్‌లోని సింజార్‌లో యాజిదీలనే మత అల్పసంఖ్యాకుల మీద ఇస్లామిక్ స్టేట్ (ఐఎస్) అనే ఉగ్రవాద సంస్థ సాగించిన మారణకాండ గురించి నువ్వు రాసిన పేరా చదివితే ఆ సంగతి తెలుస్తుంది. ఆ కోపాన్ని తగ్గించుకోమని చెప్పను. ఇలాంటి విషయం మీద నిమ్మకు నీరెత్తినట్టు రాసేవాళ్లంటే నాకు గురి లేదు.

నా పేచీ అంతా నీ చివరి వాక్యంతోనే. "పాస్‌పోర్టు రద్దు చేస్తే దేశానికి పీడ విరగడవుతుంది" అన్నావు. ముందుగా, పాస్‌పోర్టు వేరు, పౌరసత్వం వేరు. పాస్‌పోర్టును రద్దు చేస్తే మనిషి ప్రయాణం ఆగుతుంది, పౌరుడు పౌరుడుగానే ఉంటాడు. పౌరసత్వం పోతే తన దేశంలో అడుగుపెట్టే హక్కే పోతుంది. ఈ రెండింటినీ కలిపేసి రాస్తే తెలిసిన పాఠకుడు అక్కడే పేజీ తిప్పేస్తాడు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. పౌరసత్వ రద్దు ఉత్తర్వు వెలువడగానే నీ వ్యాసం ఆగిపోయింది. మర్నాడు ఆ మనిషి ఎక్కడున్నాడు? ఎవరి అధీనంలో ఉన్నాడు? అతని నేరానికి ఎవరు జవాబు రాబట్టారు? నువ్వు రాయవలసింది ఇదీ.

నీల్ ప్రకాశ్ సంగతే తీసుకో. మెల్‌బోర్న్‌లో పుట్టి, సిరియా వెళ్లి ఐఎస్‌లో చేరాడు. 2018 డిసెంబరులో ఆస్ట్రేలియా అతని పౌరసత్వం పోయిందని ప్రకటించింది. తండ్రి వైపు నుంచి ఫిజీ పౌరసత్వం ఉంది కాబట్టి ఇబ్బంది లేదన్నది వాళ్ల లెక్క. ఫిజీ ప్రభుత్వం అతను మా పౌరుడు కానే కాదంది. అప్పటికి అతను తుర్కియే జైల్లో ఉన్నాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2022 చివర్లో, తుర్కియే అతన్ని ఆస్ట్రేలియాకే పంపింది. ఉగ్రవాద నేరాల కేసు అక్కడి కోర్టులోనే నడిచింది. ఆ పని మొదటే చేసి ఉంటే ఈ నాలుగేళ్ల తతంగం అవసరమే ఉండేది కాదు.

సుహైరా ఆడెన్ వ్యవహారం ఇంకా చేదు. న్యూజిలాండ్‌లో పుట్టి, ఆరేళ్ల వయసులో ఆస్ట్రేలియాకు వచ్చి, అక్కడే పెరిగింది. సిరియాకు వెళ్లింది కూడా ఆస్ట్రేలియా పాస్‌పోర్టు మీదే. రెండు దేశాల పౌరసత్వం ఉండటంతో ఆస్ట్రేలియా ముందుగా తనది తీసేసింది. 2021 ఫిబ్రవరిలో పిల్లలతో సిరియా నుంచి తుర్కియేలోకి దాటుతూ పట్టుబడ్డాక న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డర్న్ బహిరంగంగానే మండిపడ్డారు. ఆస్ట్రేలియా తన సమస్యలను మా దేశానికి ఎగుమతి చేయడంతో విసిగిపోయామన్నారు. చివరికి వాళ్లను తీసుకున్నది న్యూజిలాండే. పీడ ఎవరికి విరగడైంది చెప్పు? ఒక ఇంటి చెత్తను పక్కింటి గుమ్మంలో పోసినట్టయింది, అంతే. ముందుగా పోసినవాడిదే గెలుపు.

ఐఎస్‌లో చేరిన బ్రిటన్ అమ్మాయి షమీమా బేగం గురించి నువ్వు ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఆ ఒక్క కేసునే నెమ్మదిగా, కాగితం కాగితం విప్పి చదవమంటాను. ఈ విషయంలో ఉన్న చిక్కుముళ్లన్నీ అందులోనే దొరుకుతాయి. 2015 ఫిబ్రవరిలో తూర్పు లండన్ నుంచి ఇద్దరు తోటి విద్యార్థినులతో కలిసి బయలుదేరి, ఇస్తాంబుల్ మీదుగా సిరియా చేరింది. అప్పటికి ఆమెకు 15 ఏళ్లు. 2019 ఫిబ్రవరిలో ఒక పాత్రికేయుడు ఆమెను శరణార్థి శిబిరంలో చూసినప్పుడు 19 ఏళ్లు, నిండు గర్భిణి. అదే నెల 19న బ్రిటన్ హోంమంత్రి సాజిద్ జావిద్ ఆమె పౌరసత్వాన్ని రద్దు చేశారు.

ఆ రోజు ఏం జరిగిందో దగ్గరగా చూడు. ఉత్తర్వు ప్రతి ఆమె చేతికి వెళ్లలేదు. ఆమె పరిస్థితుల దృష్ట్యా నోటీసును ఫైలులో ఉంచడం ద్వారా అందజేసినట్టు పరిగణించామని, ఈ సంగతి మీ కూతురికి తెలియజేయగలిగితే తెలియజేయమని లండన్‌లో ఉన్న తల్లికి హోంశాఖ ఉత్తరం రాసింది. ఒక మనిషికి పుట్టుకతో వచ్చిన పౌరసత్వాన్ని తీసేసిన ఉత్తర్వు, ఆ శాఖ బీరువాలోని ఫైలులోనే ఉండి అందినట్టు లెక్క! ఫైలులో పెడితే నోటీసు ఇచ్చినట్టు కాదని ఆ తర్వాత మరో కేసులో కోర్టులు తేల్చాయి. దానికి ప్రభుత్వం చేసిందేమిటంటే, 2022లో చట్టాన్నే మార్చి, కొన్ని సందర్భాల్లో నోటీసు ఇవ్వకుండానే రద్దు చేసే వీలు కల్పించుకుంది. నీ వ్యాసానికి ఎత్తుగడ కావాలంటే ఇక్కడ దొరుకుతుంది. బాంబుల పొగతో మొదలుపెట్టిన వ్యాసాలు ఇప్పటికే కోకొల్లలు.

బంగ్లాదేశ్ సంగతి కూడా విడమరచి రాయాలి. తల్లిదండ్రుల ద్వారా ఆమెకు 21 ఏళ్లు నిండేదాకా బంగ్లాదేశ్ పౌరసత్వం ఉందని, కాబట్టి ఆమె ఏ దేశమూ లేనిది కాలేదని బ్రిటన్ వాదన. ఇలాంటి అప్పీళ్లు వినే ప్రత్యేక ట్రిబ్యునల్ దాన్ని ఒప్పుకుంది. ఆమె మా పౌరురాలు కాదని, రానివ్వబోమని బంగ్లాదేశ్ ప్రకటించింది. కాగితం మీద దేశం ఉంది, కాళ్ల కింద నేల లేదు. అప్పీలు తానే వచ్చి వాదించుకుంటానంటే, దేశంలోకి రానివ్వనక్కర్లేదని 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక దోపిడీ కోసం ఆమెను తరలించారన్న అనుమానం నమ్మదగినదేనని 2023లో ట్రిబ్యునల్ అంగీకరించి కూడా రద్దును సమర్థించింది. 2024లో అప్పీలు కోర్టు కూడా అంతే. ఇన్ని కోర్టులు, ఇన్నేళ్లు. ఆమె ఐఎస్‌లో ఏం చేసింది, ఏ నేరంలో ఎంత పాలు పంచుకుంది అన్న ప్రశ్నపై మాత్రం ఒక్క రోజు కూడా క్రిమినల్ విచారణ జరగలేదు. ఈ వాక్యాన్ని నీ వ్యాసంలో ఎక్కడో ఒకచోట నీ మాటల్లో రాసి తీరాలి.

అలాగని ఆమెను కథానాయికను చేయకు. అదొక ఉచ్చు. పదిహేనేళ్ల పిల్లగా జాలిపడటం తేలిక, ఐఎస్ పెళ్లికూతురుగా ఛీకొట్టడం తేలిక. రెండు రకాల రాతలూ లెక్కలేనన్ని ఉన్నాయి. ఆమె దోషో కాదో నువ్వు తేల్చలేవు, నేనూ తేల్చలేను. తేల్చాల్సిన చోట తేల్చనివ్వలేదన్నదే మనం రాయగల నిజం.

ఇక ఈ చట్టాలు ఎవరి మీద పడతాయో గమనించావా? మనిషిని ఏ దేశమూ లేకుండా చేయకూడదన్న నియమం 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో ఉంది, కొన్ని మినహాయింపులతో. అందుకని చాలా దేశాలు రెండో పౌరసత్వం ఉన్నవాళ్లకే ఈ శిక్ష పెట్టుకున్నాయి. ఇద్దరు కుర్రాళ్లు ఒకే వీధిలో పుట్టి, ఒకే బడిలో చదివి, ఒకే విమానంలో వెళ్లి ఐఎస్‌లో చేరారనుకో. ఒకడి తాతతండ్రులు ఆ దేశం వాళ్లే, ఇంకొకడి తండ్రి వలస వచ్చినవాడు, ఆయన వైపు నుంచి వాడికి రెండో పౌరసత్వం ఉంది. నేరం ఒకటే అయినా పౌరసత్వం పోయేది రెండోవాడిదే. నేరం చేయని వలస కుటుంబాల పిల్లలందరికీ కూడా మీ పౌరసత్వం షరతులతో కూడినదని చెప్పినట్టయింది కదా.

ఫ్రాన్సులో ఈ చర్చ ఎంత దూరం వెళ్లిందో చదువు. 2015 నవంబరు 13న పారిస్ దాడుల్లో 130 మంది చనిపోయారు. మూడు రోజులకే అధ్యక్షుడు ఒలాంద్ వెర్సాయ్‌లో పార్లమెంటు ఉభయసభల ముందు నిలబడి, ఫ్రాన్సులో పుట్టినా సరే, రెండో పౌరసత్వం ఉన్న ఉగ్రవాదుల పౌరసత్వాన్ని తీసేసేలా రాజ్యాంగాన్ని సవరిస్తామన్నారు. దేశమంతా దుఃఖంలో ఉన్న వేళ దానికి అడ్డు చెప్పడం మాటలు కాదు. అయినా దాన్ని వ్యతిరేకిస్తూ న్యాయశాఖ మంత్రి క్రిస్టియాన్ తొబీరా జనవరిలో పదవికి రాజీనామా చేశారు. రెండు సభలూ ఒకే ముసాయిదాపై ఏకాభిప్రాయానికి రాలేక 2016 మార్చి 30న ఒలాంద్ ఆ ప్రతిపాదనను విరమించుకున్నారు. ఒంటికి బాంబులు కట్టుకుని చావడానికి సిద్ధపడ్డవాడు పౌరసత్వం పోతుందని భయపడి ఆగుతాడా అన్న ప్రశ్నకు ఆ నాలుగు నెలల్లో ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు. కెనడా 2014లో ఇలాంటి చట్టం చేసి, ప్రభుత్వం మారాక 2017లో ఎత్తేసింది.

మన చట్టంలో ఏముందని పాఠకులు అడుగుతారు, రెండు ముక్కలు చెప్పు. 1955 పౌరసత్వ చట్టంలోని 10వ సెక్షన్ ప్రధానంగా రిజిస్ట్రేషన్ ద్వారానో, నివాసం ఆధారంగా దరఖాస్తు చేసుకునో పౌరులైనవారికి వర్తిస్తుంది. పుట్టుకతో పౌరుడైనవాడి పౌరసత్వాన్ని దాని కింద తీసేయడం కుదరదు. అక్కడికి మించి దీన్ని సాగదీయకు, నీ వ్యాసం దారి తప్పుతుంది.

అవతలి వాదాన్ని మాత్రం బలంగా రాయి. నీ మొదటి ప్రతిలో నీ వాదమే అది కాబట్టి నీకు కష్టం కాదు. యుద్ధభూమిలో సాక్ష్యాలు దొరకవు. నిఘా సంస్థలకు తెలిసినదంతా బహిరంగ కోర్టులో పెట్టలేరు. తిరిగొచ్చినవాడిపై చిన్న కేసు తప్ప మరేదీ నిలబడకపోతే కొన్నేళ్లకే బయటికొస్తాడు. వాడి మీద రాత్రింబవళ్లు నిఘా పెట్టాలంటే ఎంతమంది పోలీసులు కావాలి? ఇవన్నీ ప్రజల ప్రాణాలకు బాధ్యత వహించేవాళ్లు అడిగే ప్రశ్నలు. వీటిని తేలిక చేసి రాస్తే నువ్వు మానవ హక్కుల ఉపన్యాసం రాసినట్టవుతుంది తప్ప వ్యాసం కాదు.

వాటికి నాకు తెలిసిన గట్టి జవాబు జర్మనీలోని మ్యూనిక్ కోర్టులో ఉంది. 2015లో ఇరాక్‌లోని ఫలూజాలో ఐఎస్‌లో చేరిన ఒక జర్మన్ స్త్రీ, ఆమె ఇరాకీ భర్త కలిసి ఒక యాజిదీ తల్లినీ, ఐదేళ్ల కూతురినీ బానిసలుగా ఇంట్లో పెట్టుకున్నారు. ఆ పాప పక్క తడిపిందని శిక్షగా భర్త ఆమెను మండుటెండలో బయట గొలుసుతో కట్టేశాడు. పాప చనిపోయింది. భార్య చూస్తూ ఊరుకుంది. 2016లో ఆమె అంకారాలోని జర్మన్ రాయబార కార్యాలయానికి వెళ్లింది, కొత్త గుర్తింపు పత్రాల కోసం. జర్మన్ పౌరురాలు కాబట్టే వెళ్లింది. అక్కడ తుర్కియే అధికారులు పట్టుకుని జర్మనీకి పంపారు. వెంటనే కేసు పెట్టేంత ఆధారం లేక వదిలేశారు, కానీ పోలీసులు కన్నేసి ఉంచారు. 2018లో మళ్లీ సిరియా బయలుదేరినప్పుడు కారు నడిపినవాడు పోలీసుల మనిషి. రహస్యంగా మైకులు అమర్చిన ఆ కారులో ఆ పాప సంగతి ఆమె నోటితోనే చెప్పింది.

2019లో మొదలైన విచారణలో ఆ తల్లి కోర్టుకు వచ్చి, రోజుల తరబడి సాక్ష్యం చెప్పింది. తన కూతురిని చంపినవాళ్ల గురించి ఒక న్యాయమూర్తి ముందు కూర్చుని చెప్పుకోగలిగింది. 2021 అక్టోబరులో ఆ స్త్రీకి పదేళ్ల శిక్ష పడింది, తర్వాత దాన్ని పద్నాలుగేళ్లకు పెంచారు. 2021 నవంబరులోనే ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు భర్తకు యావజ్జీవం విధించింది. యాజిదీలపై జరిగినది జాతి నిర్మూలన అని ప్రపంచంలో ఒక న్యాయస్థానం దోషిని నిర్ధారించి చెప్పడం అదే మొదటిసారి.

రాయబార కార్యాలయానికి వెళ్లిన రోజుకే జర్మనీ ఆమె పౌరసత్వాన్ని తీసేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. తలుపు తెరిచేవాళ్లు కారు. ఆమె ఏ శిబిరంలోనో, మారుపేరుతో ఏ ఊళ్లోనో కలిసిపోయేది. ఆ తల్లికి సాక్ష్యం చెప్పే బోను దొరికేది కాదు. సింజార్ గురించి నువ్వు అంత బాధతో రాశావు కదా, ఆ బాధ పడుతున్నవాళ్లకు కావలసింది దోషి ఒక దేశం జాబితాలోంచి మాయమవడం కాదు, దోషి పేరు ఒక తీర్పులో ఉండటం. నీ కోపానికి దారి ఇటు ఉంది.

శిక్ష విధించేది ఎవరన్న ప్రశ్న కూడా వదలకు. 2022 జూన్‌లో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే వాళ్ల అత్యున్నత న్యాయస్థానం, అలా పౌరసత్వం కోల్పోయిన అలెగ్జాండర్ అనే వ్యక్తి కేసులో ఈ విషయమే పట్టుకుంది. పౌరసత్వం తీసేయడం అంటే నేరానికి శిక్ష వేయడమే, శిక్ష వేసే పని మంత్రిది కాదు, కోర్టుది అని, మంత్రికి ఆ అధికారమిచ్చిన నిబంధనను కొట్టేసింది. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ అధికారాన్ని న్యాయమూర్తుల చేతికి ఇస్తూ చట్టం మార్చింది. నేరం రుజువయ్యాక, కోర్టు చేతుల మీదుగా అయినా రద్దు చేయవచ్చా అంటే, నేను వద్దనే అంటాను. దోషిని జైల్లో పెట్టడానికి దేశానికి అధికారముంది, కానీ తన దగ్గర పెరిగిన దోషిని ఇంకో దేశం నెత్తిన రుద్దే అధికారం ఉందని నేను ఒప్పుకోను. నువ్వు ఇక్కడ నాతో విభేదించవచ్చు. విభేదిస్తే కారణాలు రాయి.

రాతలో చూసుకోవలసినవి కొన్ని. "ఆరోపణ ఉన్న", "దోషిగా తేలిన" అన్న రెంటినీ ఎక్కడా కలిపేయకు. నీ ప్రతిలో "ఉగ్రవాదులు" అని రాసిన చోటల్లా ఆగి, ఆ మనిషిపై తీర్పు ఉందా, అభియోగం మాత్రమే ఉందా, మంత్రి ఉత్తర్వు తప్ప ఏమీ లేదా అని చూసుకో. తేదీలు వేయి. చట్టం ఏ ఏడాది మారిందో, ఉత్తర్వు ఏ రోజు వచ్చిందో చెప్పకపోతే పాఠకుడికి వరస తెలియదు. తీర్పుల గురించి పత్రికలు రాసింది చదివి ఊరుకోకు, తీర్పులే చదువు. బ్రిటన్, ఆస్ట్రేలియా కోర్టుల తీర్పులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. భాష మొదట్లో కొరుకుడు పడదు, నాలుగు పేజీలు దాటాక అలవాటవుతుంది.

పిల్లల గురించి చివరి పేరాలో హడావిడిగా రాసిన నాలుగు వాక్యాలు తీసేయి. ఈశాన్య సిరియాలోని అల్ హోల్ శిబిరంలో 2019లో 70 వేలమందికి పైగా ఉండేవారు, వాళ్లలో ఎక్కువమంది మహిళలు, పిల్లలే. షమీమా బేగం చివరి బిడ్డ ఉత్తర్వు వచ్చిన కొద్ది వారాలకే, 2019 మార్చిలో సిరియాలో చనిపోయాడు. తల్లి పౌరసత్వం పోకముందు పుట్టాడు కాబట్టి ఆ బిడ్డ బ్రిటిష్ పౌరుడు. ఇలాంటి పిల్లల సంగతి నాలుగు వాక్యాల్లో ఇమిడేది కాదు. దానికి వేరే వ్యాసం కావాలి. ఇది పూర్తిచేసి నాకు పంపాక, ఆ రెండోదానికి ఏమేం చదవాలో కూర్చుని మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.