జూలియస్ సీజర్ అసలు పేరు గాయస్ అయితే, రోమన్ శాసనాల్లో దాన్ని ‘సి’ అక్షరంతో ఎందుకు చెక్కారు?

రాయడం తెలియక కాదు, పాత అలవాటు వదల్లేక. తొలినాళ్ల లాటిన్ లిపిలో ‘క’, ‘గ’ ధ్వనులు రెండింటికీ ‘సి’ అక్షరమే వాడేవారు. ‘జి’ అక్షరం క్రీ.పూ. 3వ శతాబ్దంలో వచ్చింది. స్పూరియస్ కార్విలియస్ అనే బడిపంతులు దాన్ని తెచ్చాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అప్పటికే గాయస్‌కి ‘సి’, గ్నేయస్ అనే మరో పేరుకి ‘సిఎన్’ అని పొడి అక్షరాలు స్థిరపడిపోయాయి. వాటిని మళ్లీ ఎవరూ కదపలేదు.

సీజర్ విషయంలో గాయస్ సొంత పేరు, జూలియస్ వంశం పేరు, సీజర్ ఆ వంశంలో శాఖ పేరు. ఆయన తండ్రి కూడా గాయస్ జూలియస్ సీజరే! రోమన్ గణతంత్రం చివరి రోజుల్లో మగవాళ్లకు వాడుకలో ఉన్న సొంత పేర్లు సుమారు 18 మాత్రమే, అందుకే ఇలా తిరిగి తిరిగి వస్తాయి. తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ పుట్టుకతో గాయస్ ఆక్టేవియస్. తర్వాతి చక్రవర్తుల్లో ఒకడైన కాలిగులా అసలు పేరూ గాయసే. కాలిగులా అన్నది ‘చిన్న బూటు’ అనే అర్థంతో సైనికులు పెట్టిన ముద్దుపేరు.

నాకు బాగా నచ్చేది రోమన్ల పెళ్లి మాట. గాయా అంటే గాయస్‌కి స్త్రీ రూపం. “నువ్వు గాయస్ అయిన చోట నేను గాయా” అని వధువు పలికేదట, వరుడి పేరు ఏదైనా సరే. న్యాయ గ్రంథాల్లోనూ ఉదాహరణకు ఎవరో ఒకరు కావాలంటే గాయస్ సెయస్ అనే ఊహా వ్యక్తి హాజరు. చిత్రమేమిటంటే, 2వ శతాబ్దపు ప్రసిద్ధ న్యాయకోవిదుడి పేరు కూడా గాయస్ అన్నంతవరకే మనకు మిగిలింది.