పక్షవాతం నయమవుతుందనుకుంటే నెమ్ము చేరింది, ఎందుకు డాక్టర్?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె సార్. మా నాయనకి 63 ఏళ్లు, పొగాకు రైతు, బీపీ షుగరు రెండూ ఉన్నాయి. పోయిన వారం తెల్లారి లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి మాట పోయింది. ఒంగోలులో ఆస్పత్రిలో చేర్చాం, మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. మూడో రోజు కళ్లు తెరిచి మమ్మల్ని గుర్తుపడతా ఉంటే కోలుకుంటాడనుకున్నాం, నాలుగో రోజు జ్వరం, దగ్గు, ఇప్పుడు నెమ్ము చేరిందంటున్నారు. ముక్కులో పైపు, మూత్రానికి పైపు వేశారు. పడిపోయిన కాలు పిక్క దగ్గర వాచింది, మా అమ్మ రోజూ నూనె రాసి పిసుకుతా ఉంది. ఆస్పత్రి వాళ్లు సరిగా చూడలేదా? ఇంటికి తీసుకుపోయి పసరు వైద్యం చేయించమని చుట్టాలు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు రాసినదాంట్లో నన్ను ముందు భయపెట్టింది ఆ కాలు వాపు. దయచేసి ఇది చదవగానే అమ్మకి చెప్పి ఆ పిసకడం ఆపించండి, డ్యూటీ డాక్టర్‌ని పిలిచి ఆ పిక్క చూపించండి. కదలకుండా పడున్న కాల్లో లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది, అలాంటి కాలుని గట్టిగా నలిపితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అప్పుడు ఉన్నట్టుండి ఆయాసం, గుండెల్లో నొప్పి, ప్రాణానికే ముప్పు. కాలికి డాప్లర్ స్కాన్ చేస్తే గడ్డ ఉందో లేదో తెలిసిపోతుంది. వాపుకి వేరే కారణం కూడా ఉండొచ్చు గానీ స్కాన్ అయ్యేదాకా నూనె వద్దు, మర్దన వద్దు. కొన్ని ఆస్పత్రుల్లో కాళ్లకి గాలి నిండి వదిలే తొడుగులు కడతారు, వాటితో ఇలాంటి గడ్డలు తగ్గుతాయని 2013లో బ్రిటన్‌లో చేసిన పెద్ద పరిశోధనలో తేలింది. బిగుతు సాక్సులతో మాత్రం ఉపయోగం కనపడలేదు, పైగా చర్మం దెబ్బతింది, కాబట్టి ఎవరో చెప్పారని మెడికల్ షాపులో కొని తొడగొద్దు. గడ్డ ఇప్పటికే ఉంటే ఆ గాలి తొడుగులు కూడా వెయ్యకూడదు.

ఇక ఆస్పత్రి వాళ్లు చూడలేదా అన్నారు. నేను కేస్ షీట్ చూడలేదు కాబట్టి వాళ్లని వెనకేసుకురాను, తప్పూ పట్టను. కానీ ఒకటి చెప్పాలి, పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో పడుకున్న మనిషికి మెదడు కాకుండా ఇంకేదో ఒకటి రావడం చాలా ఎక్కువ. స్కాట్లాండ్‌లో 311 మంది పక్షవాతం రోగుల్ని వారం వారం గమనించి 2000లో రాస్తే, వాళ్లలో 85 శాతం మందికి ఆస్పత్రిలో ఉండగానే ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. నెమ్ము లాంటి ఛాతీ ఇన్ఫెక్షన్ సుమారు ఐదుగురిలో ఒకరికి, మూత్రం ఇన్ఫెక్షన్ నలుగురిలో ఒకరికి. మొదటి రోజే యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఉంటే రాకపోయేది కదా అని చాలామంది అడుగుతారు. అది కూడా పెద్ద ఎత్తున పరీక్షించారు, ముందు జాగ్రత్తగా ఇచ్చినంత మాత్రాన చావులూ తగ్గలేదు, కోలుకోవడమూ మెరుగవలేదు. ఇన్ఫెక్షన్ కనపడ్డాక ఆలస్యం చెయ్యకుండా ఇవ్వడమే సరైన పద్ధతి, ఇప్పుడు మీ నాన్నగారికి జరుగుతున్నదీ అదే అనుకుంటున్నా.

అసలు నెమ్ము ఎలా వచ్చిందంటే, మింగడం దెబ్బతిని. చెయ్యి కాలు పడిపోతే కంటికి కనపడుతుంది, గొంతు కండరాలు పడిపోతే కనపడదు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో మింగడం సరిగా ఉండదు, తాగిన నీళ్లు కడుపులోకి పోకుండా గాలిగొట్టంలోకి జారతాయి. మామూలు మనిషికి పొరబోతే గట్టిగా దగ్గు వచ్చి బయటికి వచ్చేస్తుంది, వీళ్లలో కొందరికి ఆ దగ్గు కూడా రాదు, ఏ చప్పుడూ లేకుండా లోపలికి పోయి రెండు మూడు రోజులకి జ్వరంగా బయటపడుతుంది. మన ఊళ్లలో ఏం చేస్తాం, మనిషి కళ్లు తెరవగానే చూడ్డానికి వచ్చిన పెదనాన్న ఒకరు కొబ్బరి నీళ్లు, అత్త ఒకామె ఫ్లాస్కులో రాగిజావ, రెండు రోజుల నుంచి ఏమీ తినలేదు పాపం అని ప్రేమతోనే నాలుగు చుక్కలు పోస్తారు. ఆ ప్రేమని నేను తప్పు పట్టను, కానీ అది చాలా ప్రమాదం. ముఖ్యంగా నీళ్లు, కొబ్బరి నీళ్లు, టీ లాంటి పల్చటివి తొందరగా జారిపోతాయి, వాటితోనే ఎక్కువ ముప్పు. మింగే పరీక్ష చేసి నర్సో డాక్టరో ఇవ్వొచ్చు అని చెప్పేదాకా మాత్రలతో సహా నోట్లో ఏదీ పెట్టకూడదు, ఇది మంచం దగ్గర ఉండే ప్రతి ఒక్కరికీ, రాత్రి మారేవాళ్లకీ తెలియాలి. వీలైతే కాగితం మీద రాసి మంచానికి అంటించండి.

ముక్కులో పైపు ఉంది కదా ఇక భయం లేదనుకోవద్దు. నోట్లో ఊరే ఉమ్మి కూడా లోపలికి పోతుంది, ఆ ఉమ్మిలో క్రిములు ఉంటాయి, అందుకే నోటితో తినకపోయినా రోజుకి రెండు మూడు సార్లు పళ్లు, నాలుక, దవడలు మెత్తగా తుడవాలి, దీన్ని చాలా వార్డుల్లో ఎవరూ పట్టించుకోరు, మీరు పట్టించుకోండి. పైపులో పాలు, జావ పోసేటప్పుడు తల వైపు మంచం ఎత్తి కూర్చున్నట్టు ఉంచాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. ధైర్యం చెప్పే మాట కూడా ఉంది, చాలామందికి కొన్ని వారాల్లో మింగడం తిరిగి వస్తుంది.

ఆస్ట్రేలియాలో 2011లో ఒక పరిశోధన వచ్చింది, అది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో ఖరీదైన మందులేవీ లేవు. జ్వరం, షుగరు, మింగడం, ఈ మూడూ నర్సులు మొదటి 3 రోజులు ఒక పద్ధతి ప్రకారం చూసుకుంటే, 90 రోజుల తర్వాత చనిపోయినవాళ్లూ ఇంకొకరి మీద ఆధారపడాల్సి వచ్చినవాళ్లూ ఇద్దరినీ కలిపి చూస్తే బాగా తగ్గారు. కాబట్టి జ్వరం కొంచెమే కదా అని ఊరుకోకుండా వెంటనే చెప్పండి. షుగరు రీడింగ్ అడగండి, వీళ్లకి 180 దాటకుండా చూసుకోవాలి, మరీ తగ్గినా మంచిది కాదు.

మూత్రం పైపు ఎన్ని రోజులు ఉంటే అంత ఇన్ఫెక్షన్. రోజూ రౌండ్స్‌లో డాక్టర్ గారిని సార్ ఇంకా అవసరమా అని అడగండి, తప్పేం లేదు. సంచి నడుం కంటే కిందే వేలాడాలి, నేలకి తగలకూడదు. రెండు గంటలకొకసారి పక్కకి తిప్పండి, ఎయిర్ బెడ్ వేసినా సరే తిప్పాలి, నడుం కింద, మడమల దగ్గర ఎర్రగా కనపడితే పుండు మొదలవుతున్నట్టే. లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగొద్దు, భుజం జారి నెలల తరబడి నొప్పి ఉంటుంది, ఆ చెయ్యి కింద దిండు పెట్టండి. ఆయన ఊరికే ఏడుస్తా ఉన్నా, ఎవరితోనూ కళ్లు కలపకపోయినా అది మొండితనం కాదు, పక్షవాతం తర్వాత ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, మందులున్నాయి. మత్తుగా పడుకోవడం ఎక్కువైనా, వాంతులు, ఫిట్స్ వచ్చినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

పసరు సంగతి. నెమ్ము ఉన్న మనిషిని, మింగలేని మనిషిని ఇప్పుడు కదిలించొద్దు. పసరు నోట్లో పోసినా ముక్కులో పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం పైన చెప్పినదే. పావురం రక్తం రుద్దమని కూడా కొందరు చెబుతారు, దాంతో చచ్చుబడిన నరం లేవదు, పాపం ఆ పక్షి ప్రాణం పోతుంది అంతే. చుట్టాలకి మీరు చెప్పలేకపోతే ఇది చూపించండి. ఇంటికి వెళ్లే రోజు వచ్చినప్పుడు ఆక్సిజన్ లేకుండా, జ్వరం లేకుండా ఉన్నాడా, మింగే పరీక్ష మళ్లీ చేశారా అని అడగండి, పైపుతో పంపిస్తే అమ్మ చేత అక్కడే ఒకసారి పోయించి నర్సుకి చూపించండి, బీపీ షుగరు మాత్రలు, రక్తం పల్చబడే మాత్ర పైపులో ఎలా వెయ్యాలో కూడా అప్పుడే రాయించుకోండి, కొన్ని మాత్రలు నూరకూడదు.