గేమ్ గురించి ఎవరి మాట నమ్మాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గేముల మీద ఉత్తరాలు ఈ మధ్య బాగా పెరిగాయి. ఈ నెల వచ్చినవన్నీ దాదాపు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి. విమర్శకులు ఒకటంటారు, ఆడినవాళ్లు ఇంకోటంటారు, జేబులోంచి డబ్బు తీసేది మేం, ఎవరిని నమ్మాలి అని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాం.

అన్నా, హాలో నైట్ సిల్క్‌సాంగ్‌కి రివ్యూల్లో అందరూ తొమ్మిదీ పదీ ఇచ్చారని కొన్నాను. దారికి అడ్డంగా ఉన్న ఒక పెద్ద శత్రువు (బాస్) దగ్గర ఇరుక్కుపోయి వారం నుంచి ముందుకు పోవట్లేదు. నాకు ఆడటం రాదా, లేక వాళ్లు గొప్ప కోసం అలా రాశారా? (బీటెక్ విద్యార్థి, కాకినాడ)

రెండూ కాదు తమ్ముడూ. ఆ గేమ్ కష్టమన్నదీ నిజమే, ఆ స్కోర్లూ నిజమే. 2025 సెప్టెంబర్ 4న వచ్చింది, చేసింది ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కి చెందిన టీమ్ చెర్రీ అనే అతి చిన్న బృందం. విడుదలకి ముందు విమర్శకులకి కాపీలు పంపలేదు కాబట్టి వాళ్లూ నువ్వూ ఒకే రోజు మొదలుపెట్టారు. తేడా వేరే చోట ఉంది. ఇలాంటి గేమ్ మీద రాయమని ఏ పత్రికైనా సాధారణంగా ఎవరికి అప్పగిస్తుంది? 2017లో వచ్చిన మొదటి భాగాన్ని తిరగేసి మరగేసి ఆడినవాడికే. వాడి వేళ్లకి ఆ గెంతులన్నీ అలవాటే. నువ్వు చచ్చే చోట వాడూ చచ్చాడు, కాకపోతే వాడికి అది మజా.

అసలు కష్టం ఎక్కడుందో దగ్గరగా చూద్దాం. నువ్వు నడిపే పాత్ర హార్నెట్ అయిదు మాస్కులతో, అంటే అయిదు పాళ్ల ప్రాణంతో, మొదలవుతుంది. బాస్‌లు కొట్టే దెబ్బల్లో చాలావాటికి ఒకేసారి రెండు మాస్కులు పోతాయి, మామూలు శత్రువుల్లోనూ కొందరిది అదే లెక్క. అంటే మూడు తప్పులకి ఆట అయిపోయినట్టే. తిరిగి మాస్కులు తెచ్చుకోవాలంటే సిల్క్ అనే శక్తి నిండేదాకా ఆగాలి, అది నిండాలంటే మళ్లీ శత్రువు దగ్గరికే వెళ్లి కొట్టాలి. నా మటుకు నాకు బాస్ దెబ్బకి రెండు పోవడం మీద ఏ అభ్యంతరమూ లేదు, ఆ పోరాటాలు అంత బిగువుగా ఉండటానికి కారణమే అది. కానీ చచ్చిన ప్రతిసారీ అదే దారిలో మళ్లీ అన్ని గెంతులూ గెంతుకుంటూ వెళ్లాలి చూడు, ముఖ్యంగా లాస్ట్ జడ్జ్ అనే బాస్ దగ్గరికి, దాని మీద వచ్చిన విమర్శ నూటికి నూరుపాళ్లు న్యాయం. ఆ దారిలో కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, ఓపిక పోవడం తప్ప. బృందం కూడా వచ్చిన విమర్శలు విన్నట్టే ఉంది, కొద్ది రోజుల్లోనే ప్యాచ్ (సవరణ) ఇచ్చి మొదట్లో వచ్చే మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే ఇద్దరు బాస్‌లని కొంచెం తగ్గించింది, డబ్బులు పెట్టి తెరవాల్సిన బెంచీల్లో (ఆగి ఆట భద్రపరుచుకునే చోట్లు) కొన్నింటి ధర దించింది.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఆ బాస్‌ని వదిలేసి ఇంకో వైపు వెళ్లు. మ్యాప్‌లో తెరుచుకున్న దారులు వేరేవి ఉంటాయి, క్రెస్ట్ మారిస్తే హార్నెట్ కొట్టే తీరే మారిపోతుంది. మొండిగా ఒక్కచోటే తల బాదుకోవద్దు.

పీసీ గేములమ్మే స్టీమ్‌లో ఓవర్‌వెల్మింగ్లీ పాజిటివ్ అని ఉంటే వందకి 95 మార్కులు వచ్చినట్టేనా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

కాదండీ, చాలామంది ఇక్కడే పొరబడతారు. స్టీమ్‌లో మార్కులు ఉండవు, బొటనవేలు పైకా కిందికా అంతే. నూటికి 95 మంది 'పర్లేదు, కొనుక్కోండి' అన్నా ఆ ముద్ర పడుతుంది, అంటే అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన గేమ్‌కీ, ప్రాణం పెట్టి ఆడిన గేమ్‌కీ ఒకే ముద్ర పడొచ్చు. మెటాక్రిటిక్ అలా కాదు, అక్కడ విమర్శకుల మార్కుల సగటు వేస్తారు, ఒక్కో పత్రికకి ఒక్కో బరువు ఇచ్చి మరీ, ఆ బరువులేమిటో బయటపెట్టరు.

ఇంకో సంగతి. సిల్క్‌సాంగ్‌కి మొదటి రోజుల్లో చైనీస్‌లో రాసిన రివ్యూలు చాలా ఘాటుగా వచ్చాయి, గేమ్ బాగోలేదని కాదు, చైనీస్ అనువాదం బాగోలేదని. ఇంగ్లీషులో ఆడే మనకి ఆ ఫిర్యాదు వర్తించదు. 2025 ఆగస్టు నుంచి స్టీమ్ భాషలవారీగా స్కోరు చూపిస్తోంది, అది చూసుకోండి. ప్రతి రివ్యూ పక్కన ఎన్ని గంటలు ఆడి రాశారో కూడా ఉంటుంది. అరగంట ఆడి తిట్టినవాడి మాట వేరు, ఎనభై గంటలు ఆడి తిట్టినవాడి మాట వేరు. రెండోవాడిది తప్పకుండా చదవండి.

మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్‌కి విమర్శకులు 90కి దగ్గరగా ఇచ్చారు. స్టీమ్‌లో మాత్రం మిక్స్‌డ్. ఎవరు అబద్ధం చెబుతున్నారు? నాది నాలుగేళ్ల కిందటి గేమింగ్ లాప్‌టాప్. (బ్యాంకు ఉద్యోగి, విజయవాడ)

ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. వాళ్లు ఆడింది ఒక యంత్రం మీద, జనం ఆడింది ఇంకో యంత్రం మీద. ఈ గేమ్ 2025 ఫిబ్రవరి 28న వచ్చింది, మూడు రోజుల్లో 80 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి, అదే సమయంలో పీసీ మీద సరిగ్గా నడవట్లేదని స్టీమ్ పేజీ నిండా గొడవ. కొన్ని నెలలకి కొత్తగా పడే రివ్యూలు ఇంకా దిగజారాయి.

మీరు చూడాల్సింది స్కోరు కాదు, స్టోర్ పేజీలో అడుగున ఉండే సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్. వాటిని పూర్తిగా, చిన్న అక్షరాలతో సహా చదవండి. విడుదలప్పుడు గేమ్ చేసిన క్యాప్‌కామ్ చెప్పిన మినిమమ్ ఏమిటంటే, 1080పీ స్పష్టతలో సెకనుకి 30 ఫ్రేములు (బొమ్మలు), అదీ 720పీలో గీసిన బొమ్మని సాగదీసి. రికమెండెడ్ అన్నదానికి 60 ఫ్రేములు వస్తాయన్నారు, కాకపోతే ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తేనే, అంటే మధ్యలో ఫ్రేముల్ని గ్రాఫిక్స్ కార్డు సొంతంగా ఊహించి పూరిస్తేనే. కంపెనీయే ఇలా రాసుకుందంటే నాలుగేళ్ల లాప్‌టాప్ మీద ఏమవుతుందో చెప్పాలా. ఈ గేమ్‌కి మీ యంత్రం దాన్ని ఎలా నడుపుతుందో పరీక్షించే బెంచ్‌మార్క్‌ని స్టీమ్‌లో ఉచితంగా ఇచ్చారు, కొనే ముందు అది దింపి ఒకసారి నడిపి చూడండి. కొన్నాక తేడా వస్తే 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకుండా ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది, కానీ మొదటిసారి తెరిచినప్పుడు గ్రాఫిక్స్ సిద్ధం కావడానికి షేడర్లు కంపైల్ అవుతూ కూర్చునే నిమిషాలు కూడా ఆ రెండు గంటల్లోకే వస్తాయి, అది మర్చిపోవద్దు.

నాకు కోపం వచ్చేది విమర్శకుల మీద కూడా. ఏ యంత్రం మీద ఆడారో మొదటి పేరాలోనే రాయాలి, చాలామంది రాయరు. ఇది కొత్త జబ్బు కాదు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 వచ్చినప్పుడు విడుదలకి ముందు విమర్శకుల చేతికి పీసీ వెర్షన్ మాత్రమే ఇచ్చారు, వీడియో రివ్యూల్లో సొంత ఫుటేజీ కూడా వాడనివ్వలేదు. స్కోర్లు ఆకాశంలో ఉన్నాయి. విడుదలయ్యాక ప్లేస్టేషన్ 4 మీద కొన్నవాళ్లకి దక్కింది సగం విరిగిన గేమ్. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది. తర్వాత బాగుచేశారు, ఇప్పుడది మంచి గేమ్, కానీ మొదటి వారం డబ్బు పెట్టినవాళ్ల సంగతి ఎవరు చూడాలి?

ఎక్స్‌పెడిషన్ 33కి అంత పేరెందుకండీ? ఏఐ వాడారని ఒక అవార్డు వెనక్కి తీసుకున్నారని కూడా విన్నాను. నాకు నలభై అయిదేళ్లు, బటన్లు చకచకా నొక్కడం నావల్ల కాదు. (లెక్చరర్, వరంగల్)

మాస్టారూ, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33, 2025 ఏప్రిల్ 24న వచ్చింది. ఫ్రాన్స్‌లోని మాంపెలియే అనే ఊళ్లో శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ అనే స్టూడియో చేసింది, ముప్పై మంది చుట్టూ ఉన్న బృందం. కథ ఇదీ. ఏటా ఒక రోజున పెయింట్రెస్ అనే ఆకారం లేచి దూరంగా కనబడే స్తంభం మీద ఒక అంకె గీస్తుంది, ఆ వయసున్న వాళ్లందరూ పూరేకుల్లా చెదిరి మాయమైపోతారు. ఏడాదికో అంకె తగ్గుతూ ఇప్పుడు 33కి వచ్చింది. ఇంకొక్క ఏడాదే బతికే మనుషులు ఆమెని ఆపడానికి బయల్దేరతారు. మొదటి గంటలో ఓడరేవు దగ్గర ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశం ఉంది, దాని గురించి ఇంతకన్నా చెప్పను, మీరే చూడండి. గేముల్లో అంత నిబ్బరంగా రాసిన, నటించిన ఘట్టం నేను అరుదుగా చూశాను.

పోరాటం వంతులవారీగా నడుస్తుంది, కానీ శత్రువు వంతు వచ్చినప్పుడు సరిగ్గా దెబ్బ తగిలే క్షణంలో బటన్ నొక్కి అడ్డుకోవాలి. వాళ్లు మోసం చేస్తారు, కత్తి ఎత్తి ఒక్క క్షణం ఆగి, మీరు తొందరపడి నొక్కేశాక కొడతారు. మీలాంటివారి కోసం స్టోరీ అనే తేలిక స్థాయి ఉంది, అందులో ఆ సమయం పెంచారు, మీ వంతులో నొక్కాల్సిన బటన్లని గేమ్ తనే నొక్కేలా కూడా పెట్టుకోవచ్చు. నిస్సంకోచంగా అదే పెట్టుకోండి, కథలో వెంట్రుకవాసి కూడా తగ్గదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, పొగడ్తల హోరులో వాటిని పక్కకి నెట్టేశారు. లోపలి ప్రాంతాల్లో మ్యాప్ లేదు, ఎటు నుంచి వచ్చామో తెలియక తిరిగిన దారే తిరుగుతాం. పిక్టోలు, లూమినాలు అనే శక్తుల జాబితా పెరిగేకొద్దీ ఆ మెనూ చూస్తే తల తిరుగుతుంది. సముద్రపు ఒడ్డు చిన్న ఆటలు అసలు పెట్టకుండా ఉండాల్సింది.

అవార్డు విషయం. 2025 డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్‌తో కలిపి తొమ్మిది అవార్డులు వచ్చాయి, అవి అలాగే ఉన్నాయి. వెనక్కి తీసుకున్నది ఇండీ గేములకి, అంటే స్వతంత్ర స్టూడియోల గేములకి, అవార్డులిచ్చే ఇండీ గేమ్ అవార్డ్స్ అనే వేరే సంస్థ. ఏఐతో తయారైనది ఏదీ వాడకూడదన్నది వాళ్ల నియమం. తాత్కాలికంగా పెట్టుకున్న కొన్ని ఏఐ టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) విడుదలలో ఉండిపోయాయి, స్టూడియో వాటిని వెంటనే తీసేసి అసలువి పెట్టింది. అయినా పోటీకి పంపేటప్పుడు ఏఐ వాడలేదని చెప్పారు కాబట్టి వాళ్లిచ్చిన రెండు అవార్డులూ రద్దు చేసి గేమ్ ఆఫ్ ది ఇయర్‌ని బ్లూ ప్రిన్స్ అనే గేమ్‌కి ఇచ్చారు. నా దృష్టిలో వాళ్లు చేసింది సరైన పనే, నియమం రాసుకున్నాక పెద్ద పేరు చూసి సడలించకూడదు. దానివల్ల ఈ గేమ్‌లో మనుషులు పడ్డ శ్రమ విలువ తగ్గిపోయిందని మాత్రం నేననను.

చైనా పురాణగాథ మీద వచ్చిన బ్లాక్ మిత్ వుకాంగ్ గేమ్ చూస్తే ఒళ్లు పులకరించింది. మన పురాణాల మీద అలాంటిది ఎందుకు రాదు? వచ్చినా విమర్శకులు తొక్కేస్తారు కదా? (గుంటూరు)

తొక్కేస్తారన్నది నిజం కాదండీ. 2020లో పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్ చేసింది, దుర్గమ్మ వరం పొందిన అమ్మాయి తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్లే కథ. కట్టడాల అందాన్ని, సంగీతాన్ని విదేశీ విమర్శకులు మెచ్చుకున్నారు, ది గేమ్ అవార్డ్స్‌లో తొలి ఇండీ గేమ్ విభాగంలో నామినేషన్ కూడా వచ్చింది. పోరాటం బిగుసుకున్నట్టు ఉందని, ముగింపు అర్ధంతరంగా వచ్చిందని అన్నారు, అవి రెండూ నిజాలే. మనవాళ్లది కదా అని ఆ మాట దాచిపెడితే తర్వాతి గేమ్ చేసేవాళ్లకే నష్టం. వుకాంగ్‌ని కూడా ఊరికే వదల్లేదు, వెళ్లగలిగేలా కనిపించే చోట అడ్డొచ్చే అదృశ్య గోడల మీద, మ్యాప్ లేకపోవడం మీద గట్టిగానే రాశారు, అయినా మూడు రోజుల్లో కోటి కాపీలు పోయాయి. మనకి కొరవడింది కథలు కాదు, ఏళ్ల తరబడి జీతాలిస్తూ ఓపిక పట్టే పెట్టుబడి.

రివ్యూలు రాసేవాళ్లకి కంపెనీలు డబ్బులిస్తాయా? (డిగ్రీ విద్యార్థి, నెల్లూరు)

పేరున్న పత్రికల్లో స్కోరు కోసం డబ్బు చేతులు మారడం కన్నా పెద్ద సమస్య ముందస్తు కాపీ. అది వచ్చేది కంపెనీ దయతో, ఏ రోజు ఏ గంటకి రాయొచ్చో కూడా వాళ్లే చెబుతారు. విడుదల రోజు దాకా రివ్యూలు రాకపోతే ఆగడం మంచిది. యూట్యూబ్‌లో స్పాన్సర్డ్ వీడియోలు వేరు, అవి ప్రకటనలు, మన తెలుగు ఛానళ్లలో వచ్చినా అంతే.

ఈ స్కోర్ల వల్ల నలిగేది చేసినవాళ్లు కూడా. 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వేగస్‌కి మెటాక్రిటిక్‌లో 85 వస్తే స్టూడియోకి బోనస్ అన్నారు, 84 వచ్చింది. ఒక్క మార్కు. ఆ గేమ్‌ని ఇప్పటికీ జనం ఆడుతున్నారు.

మా బాబుకి పదేళ్లు, స్విచ్ 2 కన్సోల్ మీద మారియో కార్ట్ వరల్డ్ అనే కార్ల పందెం గేమ్ కావాలంటున్నాడు. ఎనభై డాలర్లు! రివ్యూలు మంచివే కానీ ధర దండగ అంటున్నారు. కొనమంటారా? (ఒక తల్లి, డల్లస్)

ఇంట్లో ఎంతమంది ఆడతారో దాన్నిబట్టి చెప్పాలమ్మా. ఒకే టీవీ మీద నలుగురు ఆడొచ్చు, 24 మందితో సాగే నాకౌట్ టూర్ అనే పందెం నిజంగా కొత్తగా, ఊపిరి ఆడనివ్వకుండా ఉంటుంది. అక్కాచెల్లెళ్లు, పక్కింటి పిల్లలు వచ్చి కూర్చునే ఇల్లయితే ఆ డబ్బు గిట్టుబాటు అవుతుంది. ఒక్కడే ఆడుకునే పిల్లాడైతే వద్దు, ఎందుకంటే బయట తిరగడానికి ఇచ్చిన ఆ పెద్ద ప్రపంచంలో చేయడానికి పెద్దగా పనేం లేదని విమర్శకులన్నది నిజమే. వాడికి 2025 జూలైలో వచ్చిన డాంకీ కాంగ్ బనాంజా కొనివ్వండి. కనబడిన కొండనల్లా పిడిగుద్దులతో తవ్వుకుంటూ పోవచ్చు, ధర పది డాలర్లు తక్కువ, రెండో కంట్రోలర్ తీసుకుని మీరూ పక్కన కూర్చుని సాయం చేయొచ్చు.