టెక్ సందేహాలు: యాప్‌లో ‘ఆఫ్’ అని కనిపిస్తే తీగలో కరెంటు లేనట్టేనా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో పాత అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. యూట్యూబ్ వీడియోలు చూసి హాలు స్విచ్‌బోర్డులో ఫోన్ యాప్‌తో నడిచే స్మార్ట్ స్విచ్ మాడ్యూల్ నేనే బిగించుకుందామని అనుకుంటున్నాను. మెయిన్ ఆపేస్తే సరిపోతుందా?

జవాబు: ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో సరిపోదు. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ దానిని కరెంటు కోతగానే లెక్కించి, బ్యాటరీ నుంచి లైట్లు, ఫ్యాన్ల లైనుకు 230 వోల్టుల సరఫరా మొదలుపెడుతుంది. మీరు విప్పబోయే హాలు బోర్డు సాధారణంగా ఆ లైనులోనే ఉంటుంది. అందుచేత ఇన్వర్టర్‌ను కూడా దాని స్విచ్ వద్ద ఆపి, అక్కడి నుంచి ఇంట్లోకి వెళ్లే లైనుకు ఎంసీబీ (లోడు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్) ఉంటే దానినీ దించాలి. కరెంటు పోయిన సమయం చూసి పని మొదలుపెట్టడం అంతకంటే ప్రమాదం. అపార్ట్‌మెంట్ జనరేటర్ ఎప్పుడు అందుకుంటుందో వాచ్‌మన్‌కు కూడా కచ్చితంగా తెలియదు.

తర్వాత టెస్టర్‌తో చూడండి. అయితే పొడి చెప్పులతో చెక్క స్టూలు ఎక్కి నిలబడినప్పుడు నియాన్ టెస్టర్ మసకగా వెలగవచ్చు, పట్టపగలు ఆ మసక వెలుగు కంటికి ఆనకపోవచ్చు. కాబట్టి సరఫరా ఆపకముందే ఆ బోర్డులోని సాకెట్‌లో పెట్టి వెలుగుతోందని నిర్ధారించుకుని, ఆపిన తర్వాత బోర్డులోని ప్రతి తీగనూ, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగతో సహా, పరీక్షించాలి. యాప్‌లో ‘ఆఫ్’ నొక్కడం ఇందుకు ప్రత్యామ్నాయం కాదు. మాడ్యూల్‌లోని రిలే (యాప్ చెప్పినట్టు తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్) బల్బుకు వెళ్లే తీగను మాత్రమే తెంపుతుంది. మాడ్యూల్‌కు కరెంటు తెచ్చే ఫేజ్ తీగలో సరఫరా అలాగే ఉంటుంది.

వీడియోలలో నన్ను ఎక్కువగా భయపెట్టేది తీగల రంగులు. అమెరికా వీడియోలో నల్ల తీగ ఫేజ్, తెల్ల తీగ న్యూట్రల్. మన దగ్గర నలుపు న్యూట్రల్, ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌లు, ఆకుపచ్చ ఎర్త్. యూరప్ పద్ధతిలో రాసిన మాన్యువల్ నీలాన్ని న్యూట్రల్ అంటుంది. పైగా పాత ఇళ్లలో ఎలక్ట్రీషియన్ చేతికి ఏ చుట్ట దొరికితే అదే వాడి ఉంటాడు కనుక, రంగును బట్టి కాక టెస్టర్‌ను బట్టి నిర్ణయించుకోవాలి.

కొన్ని పాత స్విచ్‌బోర్డులలో మాడ్యూల్‌కు కావలసిన న్యూట్రల్ ఉండకపోవడం మరో చిక్కు. కొందరు ఎర్త్ తీగనే న్యూట్రల్‌గా కలిపేయమని సలహా ఇస్తారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. ఎక్కడైనా ఎర్త్ తెగితే ఆ తీగకు కలిసి ఉన్న ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల లోహపు ఒంటికి కరెంటు ఎక్కుతుంది. న్యూట్రల్ అవసరం లేని మాడ్యూళ్లు దొరుకుతాయి, లేదా ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్ తీగ లాగించుకోవచ్చు. ఎంసీబీ ఉంది కదా అనే ధీమా కూడా వద్దు. అది తీగలను కాపాడుతుంది. షాక్ నుంచి మనిషిని కాపాడడానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంపే స్విచ్) కావాలి. దాని మీది టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడాలి.

ఎంతవరకు సొంతంగా చేసుకోవచ్చు అంటే, 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు సామర్థ్యం మారకుండా బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ మార్చుకోవడాన్ని మినహాయించి, మిగతా వైరింగ్ పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుకే వదిలాయి. ఆ గీత నాకు నేటికీ సబబుగానే కనిపిస్తుంది. మీటరు, స్తంభం నుంచి దానికి వచ్చే సర్వీసు వైరు జోలికి మాత్రం అసలు వెళ్లవద్దు. అక్కడ ఏదైనా తేడా కనిపిస్తే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

ప్రశ్న: టీవీ స్టాండ్ కోసం గోడకు డ్రిల్ చేయాలి. గోడలోని వైర్లను చూపించే ఫోన్ యాప్‌లను నమ్మవచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: నమ్మవద్దు. ఆ యాప్‌లు ఫోన్‌లో దిక్సూచి కోసం పెట్టిన మాగ్నెటోమీటర్‌ను వాడుకుంటాయి. అది ఇనుప కడ్డీని పసిగడుతుంది. రాగికి అయస్కాంత గుణం లేదు కనుక పీవీసీ పైపులోని రాగి తీగ దానికి కనిపించదు. తీగలో కరెంటు పారుతున్నా, ఫేజ్, న్యూట్రల్ పక్కపక్కనే ఉండడం వల్ల వాటి అయస్కాంత క్షేత్రాలు చాలావరకు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. పిల్లర్ దగ్గర మోగి, తీగ మీద మౌనంగా ఉండే యాప్ వల్ల ధీమా తప్ప ప్రయోజనం లేదు.

ఏసీ వోల్టేజీని గుర్తించే వాల్ డిటెక్టర్ కొంత మెరుగు. దానితో వెతికేటప్పుడు ఆ గోడలోని స్విచ్‌లన్నీ ఆన్‌లో ఉంచాలి, లేకపోతే స్విచ్ తర్వాతి తీగ దొరకదు. డ్రిల్ చేసేముందు మాత్రం సరఫరా ఆపి, బ్యాటరీ డ్రిల్ వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి. డిటెక్టర్ ఏమీ చూపకపోయినా, స్విచ్‌బోర్డుకు, సాకెట్‌కు నేరుగా పైన, కింద, పక్కన రంధ్రం వేయరాదు. కొత్త ఇల్లు కడుతున్నవారు ప్లాస్టరింగ్‌కు ముందే ప్రతి గోడకు కొలత టేపు ఆనించి ఫోటో తీసి దాచుకుంటే, ఏ యాప్ అవసరమూ ఉండదు.

ప్రశ్న: గీజర్‌కు 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ పెట్టవచ్చా?

జవాబు: పెట్టరాదు. 3000 వాట్ల గీజర్ 230 వోల్టుల వద్ద సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. 2000 వాట్లదైతే లెక్కకు 8.7 ఆంపియర్లే అయినా, చాలాసేపు నడిచే పరికరం కనుక దానికీ 16 ఆంపియర్ల ప్లగ్‌నే ఎంచుకుని, నీళ్లు చిందని చోట, బాత్రూం బయట పెట్టించండి. మొదటి వారంలో గీజర్ ఆపిన వెంటనే ప్లగ్‌ను తాకి చూడండి. చేయి నిలవనంత వేడిగా ఉంటే సాకెట్ వదులై ఉండవచ్చు, దానిని మార్పించాలి.