ప్రైమర్ పూసి వచ్చిన చెక్క మౌల్డింగుకు మళ్లీ రంగు వేయాలా?

తలుపు చౌకట్టు చుట్టూ బిగించడానికి తెల్లటి ప్రైమర్ పూసి అమ్మే పైన్ చెక్క మౌల్డింగుకు (అంచు పట్టీకి) మళ్లీ రంగు అవసరమా అని అడిగారు. అవసరమే. ఆ తెలుపు తుది రంగు కాదు, పై రంగు పట్టడానికి వేసిన పునాది మాత్రమే.

బిగించే ముందు ముక్కలను అదే గదిలో రెండు మూడు రోజులు చదునుగా పరచి ఉంచాలి. కొత్త ప్లాస్టరింగు ఆరని గోడకు బిగిస్తే చెక్క తేమ పీల్చి ఉబ్బి, ఆరాక కుంచించుకుపోయి, మూలల్లో అతుకులు విచ్చుకుంటాయి.

తరచూ వదిలేసే పని ఒకటుంది. మూల కోసం 45 డిగ్రీల కోణంలో కోసినప్పుడు బయటపడే పచ్చి చెక్కకు ప్రైమర్ ఉండదు. తేమను అన్నిటికన్నా వేగంగా పీల్చేది ఆ కొనే కాబట్టి, బిగించకముందే దానికి చిన్న బ్రష్షుతో ప్రైమర్ పూసి ఆరనివ్వాలి. ఆ తరువాత మూల అతుకుకు చెక్క జిగురు రాసి, సన్నని తలల మేకులు కొట్టి, ఆ తలలను నెయిల్ పంచ్‌తో (మేకు తలను లోపలికి దించే పనిముట్టుతో) ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపలికి దించి, గుంటలను లప్పంతో నింపి, ఆరాక 220 నంబరు సాండ్‌పేపరుతో తేలికగా రుద్దాలి. గట్టిగా రుద్దితే అంచుల దగ్గర ప్రైమర్ లేచిపోతుంది.

గోడకూ చెక్కకూ మధ్య సందులో అక్రిలిక్ సీలెంటు (సందులు మూసే పేస్టు) నింపాలి. మామూలు సిలికాన్ వాడితే దానిమీద రంగు నిలవదు. చివరగా ఎనామెల్ రంగు రెండు పూతలు, మధ్యలో తేలికపాటి రుద్దుడు.